పట్టాల పక్కన పాటకచేరీ

బెంగాల్ రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌లోని ఖరిదాలో ఆరుబయట తెలుగు పాట వినిపిస్తూనే ఉంది. కుటుంబమంతా కూర్చుని వినే ఆ మూడు గంటల కచేరీ మీద ఒక భాష భారం పడింది.

ఖరిదాలో పాట పాడేవారు రైలుతో సర్దుకుపోవడం నేర్చుకోవాలి. ఖరగ్‌పూర్ నుంచి మేదినీపూర్, ఆద్రాల వైపు వెళ్ళే లైను ఈ పేటను ఆనుకునే పోతుంది. గేటు పడుతుంది, రిక్షాలూ మోటారు సైకిళ్ళూ వరస కడతాయి, ఇంజను కూత వేస్తుంది. ఆ కాసేపు మైకులో ఎంత మంచి గొంతు పలికినా వెనక వరసలకు వినిపించదు. అనుభవమున్న గాయకులు పల్లవి దగ్గర ఆగి, వాద్యాలను రెండు చుట్లు అదనంగా తిప్పి, చివరి బోగీ దాటాక చరణం అందుకుంటారు. శ్రోతలెవరూ విసుక్కోరు. వారిలో చాలామంది ఇళ్ళలో తాతో తండ్రో ఆ రైలును నడిపినవారో, మరమ్మతు చేసినవారో, దానికి జెండా ఊపినవారో అయి ఉంటారు.

పశ్చిమ బెంగాల్‌లో, హౌరాకు సుమారు 115 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ పట్టణాన్ని దేశమంతా ఎరిగింది రెండు సంగతుల వల్ల. మొదటిది ఐఐటీ. రెండోది 1,072 మీటర్ల ప్లాట్‌ఫారం. 2013లో గోరఖ్‌పూర్, ఆ తర్వాత 2023లో హుబ్బళ్ళి దాన్ని వెనక్కి నెట్టేదాకా ప్రపంచంలో అంత పొడవైనది మరొకటి లేదని ఖరగ్‌పూర్ వాసులు గొప్పగా చెప్పుకునేవారు. పట్టణానికి మూడో గుర్తింపు కూడా ఉంది కానీ అది బయటివారికి అంతగా తెలియదు. గోల్‌బజార్‌లోనో, నిమ్‌పురాలోనో, మథురాకాటీలోనో, ఖరిదాలోనో నిలబడి తెలుగులో దారి అడిగితే తెలుగులోనే జవాబు వస్తుంది. ఆ తెలుగులో శ్రీకాకుళం యాస ఉంటుంది. నడుమ నడుమ బెంగాలీ, హిందీ మాటలు దొర్లుతాయి. వాక్యం మాత్రం తెలుగు వాక్యమే.

ఆ వాక్యాన్ని నిలబెడుతున్నవాటిలో బడి కన్నా పత్రిక కన్నా పాట ముందుంది. వసంతం దాటి ఎండలు ముదిరేవరకూ ఇక్కడి తెలుగు పేటల్లో వంతులవారీగా మాతా పూజలు జరుగుతాయి. బెంగాలీలు శీతలాదేవిగా కొలిచే తల్లిని, ఉత్తరాంధ్ర ఊళ్ళలో పోలమాంబ, పైడితల్లి, నూకాలమ్మ పేర్లతో కొలిచే గ్రామదేవతలను, ఇక్కడివారు ‘మాత’ అనే ఒక్క పేరుతో పిలుచుకుంటారు. వేపాకు, పసుపు నీళ్ళు, ఆడవాళ్ళ తలలపై ఘటాలు, డప్పుల మోత. ఇవన్నీ సంతబొమ్మాళి నుంచో చీపురుపల్లి నుంచో నేరుగా తెచ్చి దింపినట్లే ఉంటాయి. పండగ రోజుల్లో పందిరి పక్కన వేదిక కట్టి పాటలు పెట్టడం తెలుగువారికి చెప్పనక్కరలేని ఆనవాయితీ. వినాయక చవితి, దసరా, సంక్రాంతి, ఉగాది అన్నీ అందుకు అదనపు సందర్భాలే.

కుటుంబం అనే షరతు

ఇలాంటి కార్యక్రమాల కరపత్రాల మీద ‘సకుటుంబ సపరివార సమేతంగా’ అనే మాట తప్పనిసరిగా కనిపిస్తుంది. అది మర్యాదకు వేసిన మాటలా కనిపించినా నిజానికి ఒక హామీ. కోస్తా జిల్లాల్లో జాతరలకు, తీర్థాలకు ఒకప్పుడు బుర్రకథో నాటకమో పెట్టినచోట 1980ల తర్వాత రికార్డింగ్ డాన్సులు దిగాయి. వాటి మీద పోలీసులు కేసులు పెట్టడం, పెట్టినా అవి ఏదో ఒక రూపంలో మళ్ళీ మొదలవడం ఆంధ్రప్రదేశ్‌లో ఏటా సంక్రాంతికి వినే వార్తే. ఆ వేదిక ముందు ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లలు కూర్చోలేరు. అందువల్ల ‘కుటుంబంతో రండి’ అని పిలవడమంటే ఇక్కడ అలాంటిదేమీ ఉండదని మాట ఇవ్వడం.

ప్రవాసంలో ఆ మాటకు ఇంకో విలువ కూడా ఉంది. ఇంట్లో మూడు తరాలు మూడు భాషల్లో బతుకుతున్నప్పుడు అందరూ ఒకేసారి తెలుగు వినే సందర్భాలు తక్కువ. నాయనమ్మకు తెలుగు తప్ప మరొకటి బాగా రాదు. తండ్రి వర్క్‌షాపులో హిందీ, బజారులో బెంగాలీ, ఇంట్లో తెలుగు మాట్లాడతాడు. మనవరాలు ఇంగ్లీషు మీడియంలో చదువుతూ, స్నేహితులతో హిందీ, బెంగాలీ కలిపి మాట్లాడుతుంది. ఈ ముగ్గురినీ పక్కపక్కన మూడు గంటలు కూర్చోబెట్టగలిగేది ఉపన్యాసం కాదు. సాహిత్య సభ అంతకన్నా కాదు. పాటకచేరీకి ఆ శక్తి ఉంది. స్థానిక కళాకారులు పాడినప్పుడు ఆ శక్తి ఇంకా పెరుగుతుంది. వేదిక మీద ఉన్నది పక్క క్వార్టర్‌లో పిల్లవాడో, టికెట్ కౌంటర్‌లో కనిపించే ఉద్యోగో అయితే వచ్చినవారు పాట బాగోగులు చూసే ముందే ఆ మనిషి మనవాడని చూస్తారు.

ఒకే రైల్వే, రెండు చివరలు

ఖరగ్‌పూర్‌లో ఇంతమంది తెలుగువారు ఎందుకున్నారో తెలియాలంటే పాత రైల్వే పటం చూడాలి. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే తూర్పున విస్తరిస్తూ ఖరగ్‌పూర్‌ను జంక్షన్‌గా మార్చింది. అంతకు ముందే, 1893-96 మధ్య, విజయవాడ నుంచి కటక్ వరకూ ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే వేసిన లైనులో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం 1902లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో కలిసింది. దాంతో వాల్తేరు, విజయనగరం, శ్రీకాకుళం రోడ్, పలాస స్టేషన్లూ ఖరగ్‌పూర్ వర్క్‌షాపూ ఒకే యజమాని కిందికి వచ్చాయి. వానలు లేక పంట పోయిన ఏడు ఉత్తర కోస్తా ఊళ్ళ కూలీలు ఓడెక్కి రంగూన్‌కైనా పోవాలి, రైలెక్కి ఉత్తరానికైనా పోవాలి. రెండో దారిన పోయినవారిలో చాలామందికి ఖరగ్‌పూర్‌లో పని దొరికింది. ఫోర్‌మన్‌గా ఎవరో ఒకరు కుదురుకుంటే ఊరు ఊరంతా కదిలివచ్చేది.

ఆ బంధం పరిపాలనాపరంగా వందేళ్ళు నిలిచింది. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడినప్పుడు కూడా వాల్తేరు డివిజన్, ఖరగ్‌పూర్ డివిజన్ దాని గొడుగు కిందే ఉన్నాయి. బదిలీ మీద విశాఖపట్నం నుంచి ఖరగ్‌పూర్‌కు వచ్చే గార్డు తనతో పాటు కొత్త సినిమా పాటలు, కొత్త నాటకాల పుస్తకాలు తెచ్చేవాడు. తిరిగి వెళ్ళేటప్పుడు రసగుల్లాల కుండ, బెంగాలీ కోడలి సంబంధం తీసుకుపోయేవాడు. 2003లో భువనేశ్వర్ కేంద్రంగా తూర్పు కోస్తా రైల్వే మొదలై వాల్తేరు డివిజన్ అందులోకి వెళ్ళడంతో ఆ రాకపోకలకు తెరపడింది. కాగితం మీద అది జోన్ల పునర్వ్యవస్థీకరణ మాత్రమే. ఖరగ్‌పూర్ తెలుగువారికి మాత్రం కన్నవారి ఊరి నుంచి కొత్త రక్తం వచ్చే దారి మూసుకుపోవడం.

తర్వాతి దెబ్బ ఉద్యోగాల మీద పడింది. భద్రతా సంబంధ విభాగాల్లో పనిచేసే ఉద్యోగులు ముందుగా పదవీ విరమణ చేస్తే వారి పిల్లలకు ఉద్యోగం ఇచ్చే పథకం 2004లో మొదలైంది. వారసత్వ ఉద్యోగాలు రాజ్యాంగ సూత్రాలకు విరుద్ధమన్న కోర్టు వ్యాఖ్యల తర్వాత 2018లో రైల్వే దాన్ని ఎత్తేసింది. న్యాయపరంగా దాన్ని తప్పుపట్టడం కష్టం. కానీ తండ్రి షాపులోనే కొడుకూ చేరే పట్టణంగా ఖరగ్‌పూర్ ఆ దశతో ముగిసింది. ఇప్పుడు రైల్వే ఉద్యోగం దేశమంతా రాసే పోటీ పరీక్ష. చదువుకున్న పిల్లలు కోల్‌కతా, బెంగళూరు, హైదరాబాద్ దారి పడుతున్నారు. పాడే గొంతులు కూడా వారితోనే వెళ్ళిపోతున్నాయి.

గిరి పేరున్న నేల

ఖరిదాకు ఆనుకుని గిరి మైదాన్ అనే చిన్న స్టేషన్ ఉంది. ఆ పేరు వరాహగిరి వెంకటగిరిదేనని పట్టణంలో చెప్పుకుంటారు. బరంపురంలో తెలుగు ఇంట పుట్టిన వి.వి. గిరి 1969 నుంచి 1974 వరకూ రాష్ట్రపతిగా ఉన్నారని అందరికీ తెలుసు. అంతకు నలభై ఏళ్ళ ముందు ఆయన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మిక సంఘం నాయకుడు. 1927లో ఖరగ్‌పూర్ కార్మికులు సమ్మెకు దిగారు. అదే ఏడు చివర్లో, ఉద్యోగాల కోతపై వివాదం లాకవుట్ దాకా వెళ్ళి నెలల తరబడి సాగింది. ఆ పోరాటాన్ని ముందుండి నడిపింది గిరి. దేశ కార్మికోద్యమ చరిత్రలో ఖరగ్‌పూర్‌కు చోటు దక్కింది ఆ ఏడాదే.

ఒక సంగతి ఇక్కడ గమనించాలి. తెలుగు, బెంగాలీ, ఒడియా, హిందీ, పంజాబీ, తమిళం మాట్లాడే వేలమంది కార్మికులను ఒకచోట చేర్చాలంటే హాలు చాలదు, ఒక భాషా చాలదు. అందువల్ల ఖరగ్‌పూర్‌లో ఆరుబయలు మొదటి నుంచీ ఉమ్మడి వేదిక. అక్కడే సభ, అక్కడే రావణ దహనం, అక్కడే ఫుట్‌బాల్, అక్కడే పాట. ఇవాళ్టి తెలుగు కచేరీకి బెంగాలీ పొరుగువాడు కుర్చీ తెచ్చుకుని కూర్చుంటే అందులో వింతేమీ లేదు.

ఆ పొరుగువాడికీ ఇలాంటివి కొత్త కాదు. బెంగాల్‌లో ప్రతి పేటకూ ‘జల్సా’ ఉంటుంది. దుర్గా పూజ, కాళీ పూజల తర్వాత పందిట్లోనే వేదిక కట్టి, ముందు పేట పిల్లల చేత పాడించి, ఆఖరున పేరున్న గాయకుడిని దింపడం అక్కడి పద్ధతి. కోల్‌కతాలో 1952లో మొదలైన డోవర్ లేన్ సంగీత సమ్మేళనం లాంటివి రాత్రంతా శాస్త్రీయ సంగీతం వినే అలవాటును మధ్యతరగతికి నేర్పాయి. తెలుగువారి పాటకచేరీ ఈ వాతావరణంలోనే పెరిగింది.

తెల్లవార్లూ నుంచి పదింటి దాకా

పాత తరం జ్ఞాపకాల్లోని కచేరీకీ నేటి కచేరీకీ ఉన్న తేడాల్లో అతి పెద్దది గడియారం. ఉత్తరాంధ్ర కళారూపాలన్నీ రాత్రిని కొలతగా పెట్టుకుని పుట్టినవి. జముకుల కథ, తూర్పు భాగవతం, బుర్రకథ భోజనాలయ్యాక మొదలై కోడి కూసేదాకా సాగుతాయి. కథకుడు సందర్భాన్ని బట్టి సాగదీస్తాడు, పిట్టకథలు చొప్పిస్తాడు, నిద్రపోతున్నవారిని లేపడానికి హాస్యం అందుకుంటాడు. బొబ్బిలి యుద్ధాన్ని ఇరవై నిమిషాల్లో ముగించమంటే అది యుద్ధం కాదు, వార్త.

బెంగాల్‌కూ బుర్రకథకూ సంబంధం లేదనుకుంటే పొరపాటు. 1943లో బెంగాల్ కరువు లక్షల ప్రాణాలు తీసుకున్నప్పుడు, ఆ ఏడాదే రూపుదిద్దుకున్న ప్రజానాట్యమండలి దాన్ని తెలుగు పల్లెలకు వినిపించింది. బుర్రకథ పితామహుడిగా పేరొందిన షేక్ నాజర్ (1920-1997) రచనల్లో పల్నాటి యుద్ధం, అల్లూరి సీతారామరాజులతో పాటు బెంగాల్ కరువు కూడా ఉంది. ఆ తర్వాతి తరంలో పార్వతీపురం ప్రాంతం నుంచి వచ్చిన వంగపండు ప్రసాదరావు (1943-2020) ఉత్తరాంధ్ర జానపద బాణీని ఉద్యమ వేదికలెక్కించారు. విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో ఉద్యోగం చేసిన వంగపండు పాటలో ఖరగ్‌పూర్ వర్క్‌షాపు కార్మికుడికి తన ఊరి మాట, తన చేతి పని రెండూ వినిపిస్తాయి.

ఇవన్నీ రాత్రి పొడవునా సాగాల్సిన కళలు. ఆ రాత్రి ఇప్పుడు లేదు. ధ్వని కాలుష్య నియంత్రణ నిబంధనలు 2000లో అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకూ బహిరంగ ప్రదేశాల్లో లౌడ్‌స్పీకర్లు మోగరాదు. నివాస ప్రాంతాల్లో శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటరాదు. పండగలకు, సాంస్కృతిక కార్యక్రమాలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకూ సడలింపు ఇవ్వవచ్చు. 2005లో సుప్రీంకోర్టు ఈ నిబంధనలను గట్టిగా సమర్థించింది. పశ్చిమ బెంగాల్ ఈ విషయంలో దేశం కన్నా ముందుంది. 1996లోనే కలకత్తా హైకోర్టు మైకులకు కళ్ళెం వేసింది. మాధ్యమిక్, ఉన్నత మాధ్యమిక్ పరీక్షల రోజుల్లో అక్కడ ఆరుబయట మైకు పెట్టడంపై ఆంక్షలుంటాయి. మాతా పూజల కాలం మొదలయ్యే వేళ దాదాపు అదే.

నిద్రపట్టని రోగి, పరీక్ష రాసే పిల్లవాడి వైపు నుంచి చూస్తే ఈ నిబంధనలు న్యాయమైనవి. నైట్ డ్యూటీ దిగి వచ్చి పగలు పడుకునే రైల్వే కార్మికుల పట్టణంలో నిద్ర విలువ అందరికీ తెలుసు. అయితే చట్టం శబ్దాన్ని కొలిచిందే కానీ దాని వల్ల ఏ కళకు ఎంత కోత పడుతుందో లెక్క వేయలేదు. వేసవిలో పొద్దుపోయి, జనం ఇళ్ళ పనులు ముగించుకుని చేరేసరికి ఏడు దాటుతుంది. పెద్దల సన్మానాలు, నాయకుల ప్రసంగాలు పోగా మిగిలేది రెండు గంటలు. నాలుగేసి నిమిషాల సినిమా పాటలు అందులో పాతిక దాకా పడతాయి. ఒక కథాగానం పూర్తిగా పట్టదు. తెలుగు కచేరీ సినిమా పాటల కచేరీగా మారడానికి జనం అభిరుచి ఎంత కారణమో ఈ పదింటి గడువూ అంతే కారణం.

సినిమా పాటకు బెంగాలీ మేనత్త

సినిమా పాట అనగానే పెదవి విరిచే అవసరమూ లేదు. ఖరగ్‌పూర్ వేదిక మీద పాత తెలుగు సినిమా పాటకు పరాయితనం లేదు. తెలుగు టాకీలు మద్రాసులో స్థిరపడకముందు కలకత్తాలో తయారయ్యాయి. సి. పుల్లయ్య దర్శకత్వంలో ఈస్ట్ ఇండియా ఫిల్మ్ కంపెనీ తీసిన సావిత్రి (1933), లవకుశ (1934) అక్కడివే. కాకినాడ నుంచి కలకత్తాకు బయల్దేరిన ఆ నటీనటులు ఖరగ్‌పూర్ మీదుగానే వెళ్ళాలి. సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టిన సాలూరి రాజేశ్వరరావు యవ్వనంలో కలకత్తాలో ఉండి పంకజ్ మల్లిక్, సైగల్ లాంటి న్యూ థియేటర్స్ కళాకారుల సాన్నిహిత్యంలో నేర్చుకున్నది తర్వాత తెలుగు లలిత సంగీతానికి కొత్త నడక నేర్పింది.

కథలూ అంతే. శరత్‌చంద్ర నవల నుంచి వచ్చిన దేవదాసు (1953)కు సుబ్బురామన్ సంగీతం, ఘంటసాల గొంతు. ‘నిష్కృతి’ నుంచి తోడికోడళ్ళు (1957), ‘బడదీది’ నుంచి బాటసారి (1961) వచ్చాయి. బెంగాలీ చిత్రం అగ్నిపరీక్ష తెలుగులో మాంగల్యబలం (1959) అయింది, సాగరిక ఆరాధన (1962) అయింది. బెంగాలీ స్వరకర్త సలీల్ చౌదరి స్వయంగా ఛైర్మన్ చలమయ్య (1974) అనే తెలుగు సినిమాకు బాణీలు కట్టారు. అందుకే ఇక్కడ దేవదాసు పాట అందుకుంటే మాట అర్థం కాని బెంగాలీ పెద్దాయనకు కూడా కథ తెలుసు. అర్థం చెప్పే పని వ్యాఖ్యాతకు తప్పుతుంది.

ఇంకో దగ్గరితనమూ ఉంది. 1919లో ఆదిభట్ల నారాయణదాసు అధ్యక్షులుగా విజయనగరంలో మొదలైన మహారాజా సంగీత కళాశాల ఘంటసాలకు, పి. సుశీలకు విద్య నేర్పింది. ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాల్లో ఎక్కువ భాగానికి మూలాలు ఆ చుట్టుపక్కల ఊళ్ళలోనే ఉన్నాయి. సుశీల పాట వాళ్ళకు సొంత జిల్లా ఆడపడుచు పాట.

ఘంటసాల రజతోత్సవానికి 1970 ఫిబ్రవరిలో హైదరాబాద్ లాల్‌బహదూర్ స్టేడియం కిక్కిరిసింది. ఆరుబయట పాట వినడానికి తెలుగువారు ఎంత మక్కువ చూపుతారో ఆ రోజు తేలిపోయింది. అంతటి గాయకుడు రాని చిన్న పట్టణాల్లో ఆ పాటను అందించింది స్థానిక ఆర్కెస్ట్రాలే. గొప్ప గాయకులు కూడా వాటి నుంచే వచ్చారు. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం నడిపిన లలిత సంగీత బృందంలో ఇళయరాజా వాయించేవారు.

ఆర్కెస్ట్రా పోయి ట్రాక్ వచ్చె

ఇప్పుడు ఆ ఆర్కెస్ట్రాయే చిక్కిపోతోంది. ఒకప్పుడు వేదిక మీద తబలా, డోలక్, క్లారినెట్, వయొలిన్, హార్మోనియం ఉండేవి. 1980ల్లో కీబోర్డు వచ్చి మూడు వాద్యాల పని చేసింది. ఆక్టోప్యాడ్ వచ్చి మరో మూడింటిని పంపించింది. ఆ తర్వాత కరావోకే ట్రాక్ వచ్చి కీబోర్డు వాయించేవాడిని కూడా ఇంటికి పంపుతోంది. తక్కువ చందాలతో నడిచే పేట కమిటీకి ఇది పెద్ద ఊరట. పది మంది వాద్యకారులకు, వాళ్ళ రిహార్సళ్ళకు అయ్యే ఖర్చు పోయి ఒక ల్యాప్‌టాప్ మిగులుతుంది. గృహిణి, విద్యార్థి, రిటైరైన ఉద్యోగి ఇంట్లో ఫోను పెట్టుకుని సాధన చేసి నేరుగా వేదికెక్కవచ్చు. కుటుంబ కచేరీలో పాడేవారి సంఖ్య పెరిగింది ట్రాక్ వల్లే.

నష్టం వాయించేవాడిది. పగలు ఉద్యోగం, రాత్రి తబలా అన్న పద్ధతిలో బతికిన రైల్వే పట్టణాల వాద్యకారులకు వారసులు కరువయ్యారు. ట్రాకుకు రైలు కోసం ఆగడమూ తెలియదు. గాయని దమ్ము తీసుకోవడానికి మరో చుట్టు తిరగడమూ తెలియదు. గేటు పడి కూత వినిపించినప్పుడు పాట తన దారిన తాను పోతుంది, గాయని వెనకబడుతుంది.

హక్కుల గొడవ మరొకటి. తన పాటలను అనుమతి లేకుండా వేదికల మీద పాడవద్దని 2017లో ఇళయరాజా తరఫున బాలసుబ్రహ్మణ్యానికి లాయరు నోటీసు వెళ్ళినప్పుడు ఊరూరా ఆర్కెస్ట్రాలు ఉలిక్కిపడ్డాయి. అయితే 1957 నాటి కాపీరైట్ చట్టం, ఔత్సాహిక క్లబ్బులు టికెట్టు లేకుండా శ్రోతల ముందు ఇచ్చే ప్రదర్శనకు మినహాయింపు ఇస్తుంది. డబ్బు వసూలు చేయకపోవడం ఖరిదా లాంటి పేటల్లో సంప్రదాయం. చట్టం దృష్టిలో అదే రక్షణ కూడా.

చెవికి తెలుగు, కంటికి ఇంగ్లీషు

అసలు సమస్య వేదిక మీద కాగితంలో ఉంది. తెలుగు బాగా మాట్లాడుతూ, శ్రుతి తప్పకుండా పాడుతూ, తెలుగు అక్షరాలు చదవలేని తరం ప్రవాసాంధ్ర కేంద్రాలన్నింటా పెరుగుతోంది. పాటను ఇంగ్లీషు అక్షరాల్లోనో హిందీలోనో రాసుకుని పాడడం మామూలైపోయింది. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదనే వాదనా ఉంది. తెలుగు రాని లతా మంగేష్కర్ సంతానం (1955)లో పాడారు, మహమ్మద్ రఫీ భలే తమ్ముడు (1969)లో పాడారు. తెలుగువారు ఆ పాటలను నెత్తిన పెట్టుకున్నారు. కానీ లతా, రఫీలది పాట కోసం అరువు తెచ్చుకున్న తెలుగు. ఖరిదా అమ్మాయిది అమ్మ నేర్పిన తెలుగు. ఆమెకు ళ, ల తేడా చెవికి తెలుసు, ఇంగ్లీషు కాగితానికి తెలియదు. ఒకటి రెండు తరాల తర్వాత చెవి కూడా మరిచిపోతుంది.

విచిత్రం ఏమిటంటే, చదివేవారు తగ్గుతున్న కాలంలోనే తెలుగుకు ఇక్కడ ప్రభుత్వ గుర్తింపు వచ్చింది. జనాభాలో పది శాతానికి మించి మాట్లాడే ప్రాంతాల్లో బెంగాలీతో పాటు ఇతర భాషలకు అధికార హోదా ఇచ్చే పద్ధతిని పశ్చిమ బెంగాల్ కొన్నేళ్ళుగా అనుసరిస్తోంది. ఉర్దూ, హిందీ, సంతాలీ, ఒడియా, పంజాబీలకు ముందే ఆ అవకాశం దక్కింది. ఖరగ్‌పూర్ తెలుగువారి చిరకాల కోరికపై 2020 డిసెంబర్‌లో రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకూ గుర్తింపు ఇవ్వాలని నిర్ణయించింది. అప్పటికి శాసనసభ ఎన్నికలు నాలుగు నెలల దూరంలో ఉన్నాయి.

ఎన్నికల లెక్క లేదని ఎవరూ అనుకోలేదు. ఖరగ్‌పూర్ సదర్ స్థానం ఏ పార్టీకీ కట్టుబడి ఉండలేదు. దశాబ్దాలపాటు కాంగ్రెస్ నేత జ్ఞాన్‌సింగ్ సోహన్‌పాల్‌ను గెలిపించిన ఓటర్లు 2016లో బీజేపీకి చెందిన దిలీప్ ఘోష్‌ను ఎన్నుకున్నారు. 2019 ఉప ఎన్నికలో తృణమూల్‌కు, 2021లో మళ్ళీ బీజేపీకి పట్టం కట్టారు. ఇలాంటి చోట తెలుగు ఓటు ఎటు మొగ్గితే అటు ఫలితం మారవచ్చు. అందువల్ల తెలుగువారు గుమికూడే ప్రతి వేదికా నాయకులకు ముద్దే. మాతా పూజ పందిరికి వచ్చి దండ వేయించుకుని, రెండు ముక్కలు తెలుగులో పలకడానికి ప్రయత్నించే నాయకుడికి చప్పట్లు ఎక్కువే పడతాయి. ఆ సన్మానానికి పోయిన సమయం మాత్రం పాటల వాటాలోంచే పోతుంది.

గుర్తింపు వల్ల అర్జీ తెలుగులో పెట్టుకునే హక్కు రావచ్చు. ఆ అర్జీ రాయగలవాడిని బడి తయారు చేయాలి. తెలుగు చదివితే బెంగాల్‌లో ఏ ఉద్యోగం వస్తుందన్న తల్లిదండ్రుల ప్రశ్నకు ప్రభుత్వం దగ్గర జవాబు లేదు, సంఘాల దగ్గరా లేదు. 2011 జనాభా లెక్కల్లో పశ్చిమ బెంగాల్ మొత్తం మీద తెలుగును మాతృభాషగా నమోదు చేయించుకున్నవారు సుమారు రెండు లక్షలు. తొమ్మిది కోట్లు దాటిన రాష్ట్రంలో అది సముద్రంలో కాకిరెట్ట. అయితే ఆ రెండు లక్షల్లో పెద్ద భాగం ఒక్క పట్టణం చుట్టూ ఉండడమే ఇంతకాలం భాషను కాపాడింది. పిల్లలు ఉద్యోగాలకు చెదిరిపోతే ఆ రక్షణ కూడా పలచబడుతుంది.

రెండు గంటల్లో ఏం పడుతుంది?

2020, 2021 సంవత్సరాల్లో కోవిడ్ ఆంక్షల వల్ల దేశమంతటా ఆరుబయలు వేదికలు మూగబోయాయి. ఫోనులో పాట వినడానికి అప్పుడూ అడ్డులేదు. తెలుగు టీవీ చానళ్ళు ఉన్నాయి, 1996 నుంచి పాడుతా తీయగా లాంటి కార్యక్రమాలు ఇంట్లోకే వస్తున్నాయి. అయినా ఆంక్షలు సడలగానే జనం మళ్ళీ పందిళ్ళ కిందికి చేరారు. తెరలో దొరకనిది ఏదో ఆ కుర్చీల వరసల్లో ఉందన్నమాట. తెర మీద పాడేవాడికి విన్నవాడు ఎవరో తెలియదు. ఖరిదాలో పాడే అమ్మాయికి మూడో వరసలో కూర్చున్న పెద్దమ్మ రేపు పొద్దున కుళాయి దగ్గర ఏమంటుందో తెలుసు.

పదింటి గడువు మారదు, మారనక్కరలేదు కూడా. చేయదగ్గవి ఆ గడువు లోపలే ఉన్నాయి. సన్మానాలు కుదిస్తే అరగంట దొరుకుతుంది. ఆ అరగంటలో జముకుల కథలోంచి ఒక ఘట్టమో, తప్పెటగుళ్ళ పాటో పడుతుంది. జానపదం యువతకు పట్టదనడానికి ఆధారం లేదు. ఉత్తరాంధ్ర జానపద బాణీలను వాడుకున్న పలాస 1978 (2020) సినిమా పాటలు ఏ ప్రచారం లేకుండానే పిల్లల ఫోన్లలోకి ఎక్కాయి. అదే బాణీ తమ ఇంటి ముసలమ్మకు వచ్చని తెలిస్తే వారు ఆమె పక్కన కూర్చుని నేర్చుకునే వీలుంది. ఆ ముసలమ్మలు ఎక్కువ కాలం ఉండరు. పాడించి రికార్డు చేసుకోవడానికి ఏ పథకమూ, ఏ నిధులూ అక్కరలేదు. ట్రాకు మోగించే ఫోను చాలు.

కాగితం సంగతీ అక్కడే తేలాలి. పాట నేర్చుకోవాలన్న కోరిక ఉన్న పిల్లకు అక్షరం నేర్పడం, పరీక్ష కోసం నేర్పడం కన్నా సులువు. యాభై ఆరు అక్షరాల భయం నాలుగు పంక్తుల పల్లవి దగ్గర ఉండదు. ఇంగ్లీషులో రాసుకున్న పాట కింద అదే పాటను తెలుగులో అచ్చు వేసి చేతికిస్తే, వేదికెక్కే ముందు నెల రోజుల సాధనలో సగం అక్షరాలు వాటంతటవే పట్టుబడతాయి.

పది కావస్తుండగా వ్యాఖ్యాత చివరి పాట అంటాడు. మరొకటి, మరొకటి అని వెనక నుంచి కేకలు వస్తాయి. మైకు ఆగిపోతుంది. చాపలు దులుపుతారు, కుర్చీలు ఒకదానిలో ఒకటి పేరుస్తారు, నిద్రపోయిన పిల్లల్ని భుజాన వేసుకుంటారు. ఖరిదా గేటు మళ్ళీ పడుతుంది. ఆగిన జనం రైలు పోయేదాకా నిలబడి, ఇవాళ ఎవరు బాగా పాడారో, ఎవరు చరణం మరిచిపోయారో తెలుగులో వాదించుకుంటారు.